సక్కుబాయి మాడు తినలేదు

జూన్ 1. ఉదయం 5:40

ఈ రోజు నుంచి రాస్తాను. రోజుకు ఒక పేజీ. నలభై రోజులు. జూలై పదకొండున సక్కుబాయి ఏడాది మాసికం. ఆ లోపు ఆమె గురించి నాకు గుర్తున్నదంతా కాగితం మీదికి రావాలి.

కారణం: నిన్న గడ్డం గీసుకుంటూ ఆమె ముక్కుపుల్ల కుడివైపా, ఎడమవైపా అనుకున్నాను. తెలియలేదు. ఫోటో చూడాల్సి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురం. ఎడమవైపు.

అందుకు ఈ డైరీ కాక కొత్త లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. పేజీకి ఇరవై గీతలు. చాలు.

నియమాలు:

1. రోజూ ఒక పేజీ. జ్వరం వచ్చినా సరే.
2. ఎవరికీ చూపకూడదు. కూతురికి కూడా.
3. ఉపమానాలు నిషేధం.
4. ఆమెను దేవతను చేయకూడదు.

నాలుగోది అనుభవం మీద పెట్టిన నియమం. వేములవాడ శాఖా గ్రంథాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళు పని చేశాను. భార్య పోయాక భర్తలు అచ్చు వేసుకుని, తలా ఐదు కాపీలు దానమిచ్చిన పుస్తకాలు మా దగ్గర పద్నాలుగు ఉండేవి. పద్నాలుగింటిలోనూ భార్య దీపమే. ఒక్క పుస్తకమూ ఎవరూ ఇంటికి తీసుకెళ్ళలేదు. దుమ్ము మాత్రం నేనే దులిపాను.

నేను పదిహేనోవాడిని కాను.

జూన్ 2. ఉదయం 6:10

మొదటి పేజీ అయింది. కార్జం గురించి రాశాను.

ఆదివారం మటన్ వండేటప్పుడు సక్కుబాయి కార్జం ముక్కలు, అంటే లివర్, ఏరుకుని పొయ్యి దగ్గరే తినేసేది. ఉడికీ ఉడకకముందే. చూస్తే, "ఉప్పు సూస్తున్న" అనేది. కిలో మటన్‌లో ఉన్న కార్జమంతా ఉప్పు చూడడానికే సరిపోయేది. ఒకసారి కూతురు భవ్య చిన్నప్పుడు, "అవ్వా, నాకొక్కటి" అని చేయి చాపితే, "నీకు కారమైతది" అని తానే నోట్లో వేసుకుంది. పిల్ల ఏడ్చింది. ఆమె నములుతూనే ఓదార్చింది.

ఇరవై గీతలూ నిండాయి. చదువుకుంటే ఆమె వంటింట్లో ఉన్నట్టే ఉంది. "ఉన్నట్టే" అనేది ఉపమానమా? కాదు.

జూన్ 3. ఉదయం 6:00

రెండో పేజీ. నల్లా దగ్గర గొడవలు. పొరుగింటామెతో ఆమె ఆరేళ్ళు మాట్లాడలేదు. ఏడో ఏడు ఆ పొరుగింటామె చనిపోతే అందరికంటే ముందు వెళ్ళి అందరికంటే గట్టిగా ఏడ్చింది. ఇంటికొచ్చి, "నా బిందె మాత్రం ఇయ్యనే లేదు" అంది.

బాగా వచ్చింది. ఎవరికీ చూపలేదు. చూపాలని కూడా లేదు. రాయడం అంటే ఇదే. ఈ సంగతి తెలియక లోకం సభలు పెట్టుకుంటోంది.

జూన్ 4. ఉదయం 6:15

మూడో పేజీ. ఆమె గురక. నేను నిద్రలేపితే, "నువ్వే గురక వెట్టి నువ్వే లేసినవు" అనేది. ముప్పై ఏళ్ళు ఆ కేసు తేలలేదు. ఇక తేలదు.

జూన్ 6. ఉదయం 10:30

నిన్న రాయలేదు. కళ్ళు.

ఒక ఆలోచన. నా చేతిరాత నాకే అర్థం కావడం లేదు. నోట్‌బుక్ తడిస్తే, చెద పడితే? టైపు చేయించి పెట్టుకోవడం మంచిది. అది చూపడం కాదు, భద్రపరచడం. గ్రంథాలయ శాస్త్రం చదివినవాడిని, ఆ తేడా నాకు తెలుసు.

తిప్పాపూర్ బస్టాండ్ దగ్గర ఓంప్రకాశ్ దుకాణం ఉంది. శాలువాలు, షీల్డులు, ఫ్లెక్సీలు, డీటీపీ. ఆయన కవి కూడా. "కలంకంకణం సాహితీ సమితి" అధ్యక్షుడు. షీల్డులు అమ్మే మనిషి సన్మాన సమితి నడపడం సహజమే. మందుల దుకాణం పక్కనే డాక్టరు కూర్చున్నట్టు.

ఉపమానం పడింది. ఇది ఓంప్రకాశ్ గురించి, ఆమె గురించి కాదు. చెల్లుతుంది.

జూన్ 7. మధ్యాహ్నం 1:00

డీటీపీ చేసే అమ్మాయి షాహీన్. టైపు చేస్తూ చేస్తూ ఆగి నవ్వింది.

"ఏమైందమ్మా?"

"అరె సార్, మీ మేడం మస్తున్నది. మా అమ్మ గూడ గిట్లనే. బోటీ వండితే మాకు సగమే అస్తది."

ఇంటికి నడిచి వచ్చాను. మామూలుగా ఇరవై నిమిషాలు పట్టే దూరం పదమూడు నిమిషాల్లో వచ్చేశాను. గుడి ముందు మొక్కు కోడెలను పట్టుకుని నిలబడ్డ భక్తులను తోసుకుంటూ వచ్చానని తరవాత గుర్తొచ్చింది.

ఒక్క మనిషి నవ్వితే ఇంత వేగమా? సిగ్గుచేటు. ఈ రోజు పేజీ రాయలేదు. మనసు నిలవలేదు.

జూన్ 9. సాయంత్రం 5:00

ఓంప్రకాశ్ నా పేజీలు చదివాడు. కంప్యూటర్‌లో కనపడ్డాయట. కనపడితే చదవక తప్పదట.

"పర్శరాములు సార్, చెయ్యి తిరిగిన రాతగాళ్ళు మీరు. ఇన్నొద్దులు యాడ దాసుకున్నరు?"

"దాచుకోవడానికే రాశానండీ" అన్నాను.

"గట్లంటే ఎట్ల సార్? అక్షరం సమాజం సొత్తు. కని ఒక్క మాట చెప్తా, ఏమనుకోకుండ్రి. గీ కార్జం తినుడేంది సార్? ఆడామె సచ్చిపోయింది. సదివెటోనికి జర తడి తగలాలె గద."

తడి. ఈ మనిషి మూడేళ్ళ కిందట ఎండాకాలం మీద నూట పదహారు పద్యాలు రాశాడు.

వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చాడు. నూట ఎనభై మంది కవులు. ఒక జిల్లాకు ఇంతమంది అవసరమా? చేరాను. చదవడానికి మాత్రమే. మూర్ఖత్వాన్ని దగ్గర నుంచి చూడడం కూడా చదువే.

జూన్ 10. ఉదయం 9:00

గ్రూపు పరిశీలన:

– నలభై వరుసల కవిత పెడితే నాలుగో సెకనుకు "అద్భుతం సార్" వస్తుంది.
– "అద్భుతం" అన్నవాడు అరగంటలో తన కవిత పెడతాడు. అది అప్పు తీర్చే పద్ధతి.
– అందరికీ ఒకే దండం బొమ్మ.
– ఇద్దరు కవులు ఒకరినొకరు "మహాకవీ" అని పిలుచుకుంటారు. మూడోవాడు అలిగి గ్రూపు వదిలి వెళ్తాడు. సాయంత్రానికి మళ్ళీ చేరతాడు.

ఇలాంటివాళ్ళ మెప్పు ఎవడికి కావాలి?

జూన్ 11. ఉదయం 11:20

కార్జం పేజీ గ్రూపులో పెట్టాను.

కేవలం ప్రయోగం. నియమం 2 నోట్‌బుక్‌కు వర్తిస్తుంది, ఫోనుకు కాదు.

11:40 — మూడు దండాలు.
12:30 — మూడే.
1:15 — ఒకాయన పూలగుత్తి మీద "శుభ మధ్యాహ్నం" పెట్టాడు. దానికి నలభై ఒకటి.
4:00 — నాకు నాలుగు. నాలుగోది ఓంప్రకాశ్‌ది.

నాకేమీ బాధ లేదు.

6:00 — నాలుగే.

జూన్ 12

రాయలేదు. కరెంటు లేదు. (పగలే. కిటికీ ఉంది. అయినా.)

జూన్ 14. మధ్యాహ్నం 2:00

కార్జం పేజీని సవరించాను. కొద్దిగానే.

ఇప్పుడు అందులో ఆమె మాకందరికీ వడ్డించి, చివర గిన్నె అడుగున మిగిలిన మాడు గీకి, ఇంత చింతకాయ తొక్కు వేసుకుని, గోడ వైపు తిరిగి తింటుంది. "నువ్వు తిన్నవా?" అని నేనడిగితే "కడుపు నిండింది" అంటుంది. శీర్షిక: "మాడు".

ఇలాంటిది ఒక్కసారైనా జరిగి ఉండదా? ముప్పై ఒక్క ఏళ్ళలో?

జరగలేదు. మాడిన అన్నం మా ఇంట్లో బర్రెకు వేసేవాళ్ళం. బర్రె పోయాక పక్కింటి బర్రెకు.

షాహీన్ టైపు చేస్తూ ఆగింది. ఈసారి నవ్వలేదు.

"సార్, మొన్న కార్జం తిన్నది గద మేడం?"

"ఇది కవితమ్మా."

"కవితయితే తినొద్దా సార్?"

చిన్నవాళ్ళకు సాహిత్యం అర్థం కాదు.

9:30కి పెట్టాను. మధ్యాహ్నానికి ఎనభై ఆరు. "కన్నీళ్ళు ఆగలేదు." "అమ్మతనానికి అక్షర హారతి." "మీ శ్రీమతి పాదాలకు వందనం." మొన్నటి పూలగుత్తి ఆయన ఫోనులోనే గొంతు రికార్డు చేసి పంపాడు. ఏడుస్తున్నాడు. మధ్యలో కుక్కర్ విజిల్ వినపడింది. వాళ్ళావిడ వంట చేస్తోంది కాబోలు. పాపం, ఆమె ఇంకా బతికే ఉంది కదా, పాదాలకు వందనం ఉండదు.

జూన్ 15. ఉదయం 7:00

నోట్‌బుక్ తెరిచాను. మూశాను. ఫోను తెరిచాను. నూట రెండు.

జూన్ 17. మధ్యాహ్నం 3:00

రెండో కవిత. రాత్రి ఎంతసేపైనా ఆమె దీపం పట్టుకుని గేటు దగ్గర నా కోసం ఎదురు చూస్తుంది.

నిజం: తొమ్మిది కొట్టగానే తాళం వేసి పడుకునేది. గోడ దూకి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఒకసారి మోకాలు చీరుకుపోతే, "జల్ది రావాలె మరి" అంది. పసుపు కూడా నేనే పెట్టుకున్నాను.

కవితకు తొంభై ఒకటి.

దీపం. పదిహేనోవాడిని నేనే.

జూన్ 20. ఉదయం 10:10

భవ్యశ్రీ ఫోన్ చేసింది. నిర్మల్‌లో బ్యాంకులో పని చేస్తుంది. "మాడు" ఎవరో ఎవరికో పంపి, అది తిరిగి తిరిగి బ్యాంకులో ఆమె పక్క సీటామెకు చేరిందట. ఆమె చదివి, "మీ నాన్న పేరు ఇదే కదా" అందట.

"బాపూ..." అంది.

"ఏందే బిడ్డా?"

"అవ్వ మాడు తిన్నదా? మనకు వెట్టి?"

టీవీ గొంతు తగ్గించాను.

"నేనున్న గద ఇంట్ల. పద్దెనిమిదేండ్లు ఉన్న. నాకెట్ల కానరాలే బాపూ? నేను రెండోసారి అన్నం పెట్టించుకునేదాన్ని. కూర తక్కువైందని లొల్లి వెట్టేదాన్ని. గప్పుడు అవ్వకు మిగిలేదే కాదా?"

"ఊకో బిడ్డా. అయిపోయిన ముచ్చట."

"ఎందుకు చెప్పలే నాకు?"

ఇక్కడ చెప్పొచ్చు. "అబద్ధం రాశాను" అంటే రెండు మాటలు. చెప్పలేదు. ఇరవై మూడున కరీంనగర్‌లో కలంకంకణం సభ. "మాడు" చదవాలి. ఓంప్రకాశ్ ఆహ్వాన పత్రంలో నా పేరు వేయించాడు. సభ అయ్యాక చెప్తాను.

జూన్ 22. సాయంత్రం 4:30

దుకాణంలో ఓంప్రకాశ్ మూడు షీల్డులు టేబుల్ మీద పెట్టాడు.

"సార్, రేపు మీకు ఏ సైజుది ఇయ్యాలె?"

"నన్నే అడుగుతారా?"

"కవి మనసు నొప్పియ్యొద్దు గద సార్. ఒకాయనకు పోయినసారి చిన్నది ఇస్తే ఇప్పటిదాంక మాట్లాడుతలేడు."

నిరాడంబరంగా మీడియం చెప్పాను. ఇంటికొచ్చాక పెద్దది చెప్పాల్సిందేమో అనిపించింది.

జూన్ 23. రాత్రి 8:00

కరీంనగర్ నుంచి ఇప్పుడే వచ్చాను.

పదింటికి అన్న సభ పన్నెండున్నరకు మొదలైంది. కవులు అరవై నలుగురు. తలా రెండు నిమిషాలు. అతిథులు ఐదుగురు. తలా నలభై నిమిషాలు. నా వరస యాభై ఏడు.

అక్కడి ఆచారం ఇది: చదివినవాడు శాలువా కప్పించుకుని, ఫోటో దిగి, శాలువా సంచిలో పెట్టుకుని, బస్సు చూసుకుంటాడు. వినడానికి ఎవరూ ఉండరు. చదవబోయేవాళ్ళు మాత్రం ఉంటారు, వాళ్ళు తమ కాగితాలు చూసుకుంటూ ఉంటారు. నా వరస వచ్చేసరికి హాలులో మిగిలింది ఓంప్రకాశ్, మైకువాడు, కుర్చీలు పేర్చే మనిషి, నా తరవాతి ఏడుగురు.

"మాడు" చదివాను. గొంతు ఎక్కడ వణకాలో తెలుసు, వణికించాను. ముందు వరసలో ఒకామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా తరవాత ఆమె లేచి తన కవిత చదివింది. అమ్మ మీద. ఆ అమ్మ కూడా గిన్నె అడుగే తినేది. ఆమె ఏడ్చింది నా కవితకు కాదు, రాబోయే తన కవితకు.

మైకువాడు మాత్రం ఒక మాట అన్నాడు: "సార్, జర జల్ది కానియ్యుండ్రి, పొద్దుగాల పెండ్లున్నది గీ హాల్ల."

శాలువా కప్పారు. మా బాపు నేతపని చేసి పెంచినవాడిని, బట్ట ముట్టుకుంటే తెలుస్తుంది. పాలిస్టర్. మడతలో కుంకుమ మరక. నా కంటే ముందు ఎవరినో సన్మానించిన శాలువా.

బిరుదు: "కన్నీటి కవనకర్త".

షీల్డు ఆమె ఫోటో పక్కన పెట్టాను. ఆమెకంటే ఎత్తుగా ఉంది. తీసి అల్మారాలో పెట్టాను. మళ్ళీ తీసి టీవీ మీద పెట్టాను.

భవ్యకు ఫోన్ చేయాలి. అలసిపోయాను. రేపు.

జూన్ 24. ఉదయం 6:30

లెక్క చూశాను. ఇరవై నాలుగు రోజులు, ఐదు పేజీలు. అందులో నిజమైనవి మూడు. ఆ మూడింట్లో ఒకదాన్ని నేనే పాడు చేశాను.

భవ్యకు ఫోన్ చేయలేదు. ఫోనులో చెప్పే సంగతి కాదు. వచ్చినప్పుడు చెప్తాను.

జూలై 2. మధ్యాహ్నం 12:00

గ్రూపులో ఇంకొకాయన భార్య పోయింది. హుస్నాబాద్ ఆయన. పదో రోజే కవిత పెట్టాడు. ఆమె కూడా మాడే తినేదట. పైగా ఆయనది మజ్జిగలో. నూట నలభై.

నన్ను ఎవరూ తలచుకోవడం లేదు. నా "కన్నీటి కవనకర్త" బిరుదుకు తొమ్మిది రోజుల ఆయుష్షు.

తెలంగాణలో ఇన్ని ఇళ్ళలో ఇంత అన్నం మాడిందంటే, మన ఆడవాళ్ళకు వంట రాదనుకోవాలి. లేదా మన మగవాళ్ళకు రాయడం రాదు.

జూలై 9. ఉదయం 7:45

భవ్య నిన్న సాయంత్రం వచ్చింది. చిక్కిపోయింది. బ్యాంకులో పని ఎక్కువ అంటోంది.

రాత్రి అన్నం తిన్నాక వంటింట్లో గీకుతున్న చప్పుడు. వెళ్ళి చూశాను. స్టవ్ పక్కన నిలబడి, గిన్నె అడుగు చెంచాతో గీకి తింటోంది. అన్నం కావాలనే మాడ్చిందని వాసనతో తెలిసింది.

"ఏం చేస్తున్నవే?"

"ఏం లేదు బాపూ. అవ్వ తిన్నదే గద."

"అది..."

"నెల దినాల సంది ఇదే తింటున్న. ఎట్ల తిన్నదో ఏమో. గొంతు దిగుతలేదు."

నెల కాదు, ఇరవై రోజులు. నాకు లెక్క తెలుసు. ఫోన్ చేసిన రోజు నుంచి.

అప్పుడు కూడా చెప్పలేదు. నోరు తెరిచాను. "మంచినీళ్ళు తాగు" అన్నాను.

ఇరవై తొమ్మిదేళ్ళు పుస్తకాల మధ్య బతికినవాడిని. నా కంటే మైకువాడు నయం, ఉన్నమాట అన్నాడు.

జూలై 11. సాయంత్రం 6:00

వరసగా రాస్తాను. సవరించను.

పొద్దున పదకొండింటికి మూలవాగు ఒడ్డుకు వెళ్ళాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, పిట్ట ముట్టేదాకా నిలబడతాం. మా దగ్గర అందరూ చేసేదే. పిట్ట అంటే కాకి. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో కోరిక మిగిలిందని అర్థం.

వంటంతా భవ్యే చేసింది. ఎవరినీ రానివ్వలేదు. ఆకులో మాడిన అన్నం, చింతకాయ తొక్కు. అంతే.

ఇరవై మందిమి పక్కకు జరిగి నిలబడ్డాం. కాకులు వేపచెట్టు మీద ఉన్నాయి. కిందికి చూశాయి. రాలేదు.

పావుగంట. అరగంట. ఎండ మండిపోతోంది.

"ఏం కోరిక మిగిలిందో తల్లికి" అన్నారెవరో. భవ్య ఆకు ముందు చేతులు జోడించింది. "అవ్వా, బాపును నా తానకు తీస్కపోత. మంచిగ సూస్కుంట. రా అవ్వా." రాలేదు. "ఇల్లు అమ్మం." రాలేదు. "నేనిగ దేనికీ లొల్లి వెట్టనవ్వా, ఏం వెడితే గదే తింట" అని ఏడ్చింది. ముఖమంతా తడిసిపోయింది.

అప్పుడు సక్కుబాయి అక్క రామవ్వ వచ్చింది. భైంసా నుంచి. బస్సు ఆలస్యమైందట. గట్టు దిగుతూనే ఆకు చూసింది.

"ఏందిది?"

"అవ్వకు ఇష్టమైంది పెద్దవ్వా" అంది భవ్య.

"ఎవలు జెప్పిండ్రు?"

"బాపు రాసిండు గద."

రామవ్వ నా వైపు తిరిగింది. డెబ్బై ఏళ్ళ మనిషి. గొంతు మాత్రం ఇంకా సంతలో బేరమాడే గొంతే.

"మరిదీ, నా చెల్లె మాడు తిన్నదా?"

అందరూ చూస్తున్నారు. ఇంతమంది ఏకాగ్రతతో నేను చెప్పేది వినడం జీవితంలో ఇదే మొదటిసారి.

"తినలేదు వదినా."

"మరెందుకు రాసినవు?"

"మంచిగుంటదని."

"ఎవలికి మంచిగుంటదని?"

దండాలు పెట్టిన నూట రెండు మంది పేర్లు నాకు తెలియవు.

"అది ఉపాసముంటదారా? కడుపుతోని ఉన్నప్పుడు మా ఇంటికస్తే నా పెనిమిటి పళ్ళెంలున్న బొక్క గుంజుకున్నది. దాన్ని గరీబుదాన్ని జేసినవు గదరా నువ్వు. తిండికి మొకం వాసినదాన్ని జేసి ఊరంత తిప్పినవు." కోపంలో "మరిది" పోయి "రా"లోకి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి.

సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. కార్జం ఫ్రై. భైంసాలో తెల్లవారుజామున లేచి వండి తెచ్చింది. ఆకులో మాడు పక్కకు నెట్టి, డబ్బా బోర్లించింది. ఇంకా చేయి తీయకముందే రెండు కాకులు దిగాయి. మూడోది రామవ్వ చేతి మీదే వాలబోయింది.

ఆడవాళ్ళంతా ఒక్కసారి ఏడ్చారు.

ఏ కాకైనా మాడిన అన్నం కంటే కార్జమే తింటుంది. ఇందులో మహిమ లేదు. అయినా ఏడ్చాను. నాకు తెలియకుండానే గొంతు వణికింది. ఈసారి నేను వణికించలేదు.

భవ్య ఏడవలేదు. నన్నే చూస్తోంది.

ఇంటికి వచ్చాక బట్టలు సర్దుకుంది. రేపటిదాకా ఉండాల్సిన మనిషి.

"ఇరవై దినాలు బాపూ" అంది. "అవ్వను ఆకలితోని సంపిన్ననుకున్న."

"చెప్దామనే అనుకున్న బిడ్డా."

"ఎన్నడు? రెండో ముద్రణల్నా?"

దెబ్బ బాగా తగిలింది. నా కూతురే.

గుమ్మం దగ్గర ఆగింది. "దవాఖానల ఆఖరికి నువ్వొక్కనివే ఉన్నవు. నన్ను లోపలికి రానియ్యలే. అవ్వ ఏమన్నది? గదన్న నిజం చెప్పు."

"బస్సుకు టైమైంది బిడ్డా" అన్నాను.

వెళ్ళిపోయింది.

జూలై 12. ఉదయం 5:40

మళ్ళీ మొదటి రోజు.

రాయడానికి కూర్చునే ముందే ఓంప్రకాశ్ ఫోన్. కాకి సంగతి ఊరంతా తెలిసిందట.

"సార్, గా కార్జం ముచ్చట రాసి పంపుండ్రి. మస్తుంటది. పశ్చాత్తాపం మీద ప్రత్యేక సంచిక ఏద్దాం."

"రాయను."

"షీల్డు పెద్దది సార్."

ఫోను పెట్టేశాను. పెట్టేశాక మంచి శీర్షిక ఒకటి తట్టింది. ఇంత సిగ్గులేని బుద్ధి ఎవరికైనా ఉంటుందా? గ్రూపులోంచి బయటికి వచ్చాను. "మాడు" తీసేద్దామని చూస్తే, అది హుస్నాబాద్ ఆయన పేరు మీద తిరుగుతోంది. సంతోషం. ఆయనే ఉంచుకోవాలి.

నియమం ఒక్కటే: జరిగింది రాయాలి. గుర్తు లేకపోతే గుర్తు లేదని రాయాలి.

మొదటి పేజీ:

పోయిన ఏడాది సరిగ్గా నిన్నటి తేదీన, కరీంనగర్ దవాఖానలో, మధ్యాహ్నం. ఆమె ముక్కుకూ నోటికీ ఆక్సిజన్ మాస్కు ఉంది. కళ్ళు తెరిచి నన్ను చూసి ఏదో అంది. మాస్కులో ఆవిరి తప్ప ఏమీ తెలియలేదు. వంగాను. మళ్ళీ అంది. రెండోసారి కూడా వినపడలేదు. మూడోసారి అడిగితే ఆమెకు ఆయాసం వస్తుందని, విన్నట్టు "ఆఁ, సరే" అన్నాను. ఆమె నమ్మింది. కళ్ళు మూసుకుంది. దేనికి సరే అన్నానో నాకు తెలియదు.

7:10 — భవ్యకు ఫోన్ చేశాను. చదివి వినిపించలేదు. నోటితో చెప్పాను. బ్యాంకుకు తయారవుతున్నట్టుంది, గాజుల చప్పుడు వినపడింది.

"నిజమేనా?" అంది.

"నిజమే."

"అన్నం తిన్నవా?" అంది. పెట్టేసింది.

నోట్‌బుక్ ముందుకు లాక్కున్నాను. పేజీలో ఇంకా పదకొండు గీతలు ఖాళీ. ఆమె ఏమని ఉంటుందో రాస్తే నిండిపోతాయి. ఏ మాట రాస్తే చదివినవాళ్ళు ఏడుస్తారో నాకు బాగా తెలుసు.

రాయలేదు.